ఏటికి ఆవల విమానాశ్రయము

కొల్లాపురము ప్రాంతమునుండి ఒక రైతు మా కేంద్రమునకు ఉత్తరము వ్రాసిరి. మామిడితోటలో మంచెమీద కూర్చున్నపుడు తలమీదుగా పోవు విమానములను తాము నిత్యము చూచుచుందురట. కృష్ణకు ఆవల, కర్నూలు దగ్గర, విమానాశ్రయము వెలసినదని విన్నారట. అది తమవంటివారికి దేనికి పనికివచ్చును? అట్టిది తమ ఒడ్డున ఏల రాలేదు? వచ్చినచో మేలా, కీడా? ఇవి వారి మూడు ప్రశ్నలు. మూడును మంచి ప్రశ్నలే. విమానాశ్రయమనగా పట్టణవాసుల విషయమని పల్లెలవారు ఊరకుండు కాలము గడచిపోయినది. కనుక ఈ ప్రసంగములో చిన్న విమానాశ్రయము ఎట్లు పుట్టును, ఎట్లు పనిచేయును, ఎట్లు బ్రతుకును అను సంగతులను శ్రోతలకు విన్నవింపదలచినాము.

మొదట దూరము సంగతి. ఆ విమానాశ్రయము కర్నూలునకు ఆగ్నేయముగా ఓర్వకల్లు కడ ఉన్నది. దారి వంపులను విడిచి పటముమీద నూలుపోగు చాచి కొలిచినచో కొల్లాపురమునకును దానికిని నడుమ ఇంచుమించు 50 కిలోమీటర్లే. కాని మనుష్యులు నూలుపోగుమీద నడువలేరు గదా! కారులో పోవువారు పెబ్బేరు చేరి, జాతీయ రహదారి పట్టి, బీచుపల్లి కడ కృష్ణను, కర్నూలు కడ తుంగభద్రను దాటి, పిమ్మట ఓర్వకల్లునకు తిరుగవలెను. అప్పుడు దూరము రెట్టింపునకు మించును. ఈ ఒక్క లెక్కను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. చివరకు మన సమాధానము దీనిచుట్టునే తిరుగును.

ఈ సీమకు విమానము కొత్త కాదు. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయివరకు టపా విమానమును నడిపెను. బొంబాయినుండి నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. బళ్లారి తెలుగువారు తరతరములుగా నివసించుచున్న పట్టణము, కర్నూలునకు పొరుగుసీమ. మన దేశమున క్రమబద్ధమైన విమాన సర్వీసు పుట్టిన నాడే మన పొరుగున విమానము దిగెనన్నమాట. అయితే ఆ విమానము మోసినది మనుష్యులను కాదు, ఉత్తరములను. ఆకాశమార్గమునకు మొదట బత్తెము పెట్టినది తపాలాశాఖయే.

ఆ దశాబ్దములోనే హైదరాబాదు రాజ్యమున బేగంపేట విమానాశ్రయము వెలసెను. నిజాము ప్రభుత్వము విమాన చోదనము నేర్పు క్లబ్బును నెలకొల్పెను. 1937లో అక్కడ ప్రయాణికుల భవనమును కట్టించెను. 1945లో నిజాము ప్రభుత్వమును టాటా సంస్థయు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీని స్థాపించిరి. రెండు ఇంజనుల డకోటా విమానములు దాని వాహనములు. 1953లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి దేశములోని విమాన కంపెనీలు ప్రభుత్వపరమైనవి. డెక్కన్ ఎయిర్‌వేస్ మరికొన్ని కంపెనీలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యెను. ఇట్లు యజమానులు మారిరి గాని బేగంపేట నిలిచెను. 2008 మార్చి 23న శంషాబాదులో కొత్త విమానాశ్రయము తెరచువరకు హైదరాబాదునకు వచ్చిపోవు ప్రయాణికుల విమానములన్నియు బేగంపేటలోనే దిగెను. ఏడు దశాబ్దములు అది నిలుచుటకు కారణమేమి? దానిచుట్టు రాజధాని నగరము పెరిగెను; ప్రతిదినము ఎక్కువారును దిగువారును ఉండిరి. రాజు కట్టించుట మొదటి కారణము మాత్రమే.

రాజు కట్టించిన మరియొక విమానాశ్రయము కథ ఇందుకు భిన్నమైనది. ఓరుగల్లు దగ్గర మామునూరులో 1930 నాటికే విమానములు దిగు మైదానమును ఏడవ నిజాము ఏర్పరచెను. ఓరుగల్లులో ఆజంజాహి బట్టలమిల్లు, ఉత్తరమున సిర్పూరు కాగితపు మిల్లు వెలయుచున్న కాలమది. వ్యాపారుల రాకపోకలకు అది ఉపకరించెను. కాని 1981లో అక్కడినుండి విమానములు ఆగిపోయెను. బాట ఉన్నది, నేల ఉన్నది; విమానము మాత్రము రాలేదు. బావి త్రవ్వుట ఒక యెత్తు, దానిలో నీరు నిలుచుట మరియొక యెత్తు అని మన పల్లెలలో తెలియనివారు లేరు. విమానాశ్రయమును అట్టిదే. తారుబాట పరచుట బావి త్రవ్వుట వంటిది. దినదినము వచ్చిపోవు ప్రయాణికులే దాని ఊట.

మామునూరు మరల తెరచుకొనుటకు చాలకాలము పట్టుటకు మరియొక కారణము కూడ కలదు. ఉత్తరము వ్రాసిన రైతు అడిగిన రెండవ ప్రశ్నకు సమాధానము ఇందులోనే ఉన్నది. శంషాబాదు విమానాశ్రయము కట్టుటకు ప్రభుత్వమును నిర్మాణసంస్థయు 2004లో ఒడంబడిక చేసికొన్నపుడు ఒక నియమము పెట్టుకొనిరి. శంషాబాదు తెరచిన నాటినుండి 25 సంవత్సరములవరకు, ఆకాశమార్గమున 150 కిలోమీటర్ల లోపల, ప్రయాణికుల కొరకు మరియొక విమానాశ్రయము పోటీగా రాకూడదు. పెద్ద పెట్టుబడి పెట్టువారు రాబడికి ఇట్టి రక్ష కోరుట వ్యాపారలోకమున అపూర్వము కాదు. ఆ సంస్థ సమ్మతించినచో నియమమునుండి మినహాయింపు లభించును. అట్టి సమ్మతి లభించిన పిమ్మట 2025 ఫిబ్రవరిలో మామునూరును పునరుద్ధరించుటకు కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చెను.

ఇప్పుడు శంషాబాదును కేంద్రముగా చేసికొని 150 కిలోమీటర్ల వలయము గీయుడు. కొల్లాపురము ఆ వలయములోపల పడును. మహబూబ్‌నగరు కూడ లోపలనే. ఓర్వకల్లు వలయమునకు వెలుపల, సుమారు 170 కిలోమీటర్ల దూరమున ఉన్నది. కృష్ణకు ఆ ఒడ్డున విమానాశ్రయము వచ్చి ఈ ఒడ్డున రాకుండుటకు రాష్ట్రములు వేరగుట ఒక కారణము కావచ్చును. కాని ఈ వలయము సంగతి కూడ చూడవలసినదే. పాలమూరు ప్రాంతములో దేవరకద్ర వైపున విమానాశ్రయమునకు స్థలమును పరిశీలించిన మాట వాస్తవము. పరిశీలన వేరు, నిర్మాణము వేరు. ఈ రెండింటి నడుమ దూరము ఎంతయుండునో ఓర్వకల్లు కథయే చెప్పును.

ఓర్వకల్లు రాతినేల. అక్కడి బండరాళ్ల అందమును చూచుటకు యాత్రికులు పోవుదురు. ఆ నేలపై సుమారు 1,000 ఎకరములలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విమానాశ్రయమును తలపెట్టెను. 2017లో శంకుస్థాపన జరిగెను. 2019 జనవరిలో నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభోత్సవము చేసిరి. కాని ఆ దినముననే ప్రయాణికులు టిక్కెట్టు కొని విమానమెక్కలేదు. మిగిలిన పనులు పూర్తికావలెను. పౌరవిమానయాన శాఖ అధికారులు పరీక్షించి లైసెన్సు ఇయ్యవలెను. ఆ లైసెన్సు 2021 జనవరిలో లభించెను. 2021 మార్చి 25న ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి దానిని ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. 1846లో కుంపిణీ ప్రభుత్వముపై తిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన రేనాటి వీరుడు ఆయన. మూడు దినములు గడచిన పిమ్మట, మార్చి 28న, బెంగుళూరునుండి వచ్చిన విమానముతో సర్వీసులు మొదలయ్యెను. బెంగుళూరు, చెన్నై, విశాఖపట్టణములతో కర్నూలు ఆకాశమార్గమున కలిసెను. మొదటి ప్రారంభోత్సవమునకును మొదటి ప్రయాణికునికిని నడుమ రెండేండ్లకు పైగా గడచెను. ద్వారమున కట్టిన పట్టుదారము కత్తిరించుట ఒక నిమిషము పని. విమానమును సురక్షితముగా దింపుటకు వలయు ఏర్పాట్లు అంత సులభములు కావు.

ఆ ఏర్పాట్లు ఏవి? చిన్న విమానాశ్రయములో ఏమేమి ఉండునో ఒకసారి చూతము.

అన్నిటికంటె ముఖ్యమైనది విమానము పరుగెత్తు బాట. దీనిని రన్‌వే అందురు. ఓర్వకల్లులో దీని పొడవు 2,000 మీటర్లు. శంషాబాదులోని ప్రధానమైన రన్‌వే 4,260 మీటర్లు. అనగా రెట్టింపునకు మించినది. పొడవులో ఈ భేదమేల? బరువైన విమానమునకు ఎక్కువ పరుగు కావలెను. సముద్రములు దాటి పోవు పెద్ద విమానములు ఇంధనముతో నిండి అతి భారముగా నుండును. చిన్న పట్టణములకు వచ్చునది సాధారణముగా ఏ. టి. ఆర్. అను విమానము. ఇది ఫ్రాన్సు, ఇటలీ దేశములవారు కలిసి చేయుచున్నది. రెక్కలకు రెండు పంకా ఇంజనులు. సుమారు 70 నుండి 78 మంది కూర్చుండుటకు చోటు. నిండుబరువు ఇంచుమించు 23 టన్నులు. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగము. అనుకూలమైన పరిస్థితులలో 1,300 మీటర్ల పరుగు దీనికి చాలును. వేసవి ఎండలో గాలి పలుచబడును. పలుచని గాలిలో రెక్కలకు పట్టు తగ్గును, పరుగు పెరుగును. మన మెట్టసీమల చైత్రవైశాఖములను ఎరిగినవారికి ఈ జాగ్రత్త ఎందులకో వేరుగ చెప్పనక్కరలేదు.

రన్‌వే ఏ దిక్కున వేయవలెనన్నది గాలిని బట్టి నిర్ణయింతురు. కళ్లములో ధాన్యము తూర్పారబట్టు రైతు మొదట గాలివాలు చూచును. గాలిపటము ఎగురవేయు పిల్లవాడు గాలికి ఎదురుగా పరుగెత్తును. విమానచోదకుడును అట్లే గాలికి ఎదురుగా లేచును, ఎదురుగానే దిగును. ఎదురుగాలి రెక్కలను ఎత్తిపట్టును. దిగునపుడు వేగమును తగ్గించును. అందుచేతనే ప్రతి విమానాశ్రయమున కొయ్యకు కట్టిన గుడ్డగొట్టము ఒకటి గాలికి ఊగుచుండును. అది ఎటు ఉబ్బి వాలునో చూచి గాలి నడకను దూరమునుండియే తెలిసికొందురు. రన్‌వే కొసలమీద పెద్ద అంకెలు వ్రాయుదురు. బేగంపేటలో ఒక కొసను 09 అనియు, రెండవ కొసను 27 అనియు వ్రాసినారు. ఉత్తరమునుండి లెక్కించినచో 90 డిగ్రీలు తూర్పు. 270 డిగ్రీలు పడమర. చివరి సున్నను విడిచినచో 09, 27 మిగులును. నైరృతి ఋతుపవనముల కాలములో పడమటిగాలి వీచునపుడు హైదరాబాదు విమానములు పడమటి దిక్కునకు మొగము పెట్టి లేచును.

రెండవది కంట్రోల్ టవరు. నాలుగువైపుల అద్దములున్న ఎత్తైన గదిలో కూర్చుండి, ఆకాశమును నేలను ఏకకాలమున చూచుచు, చోదకునితో రేడియోలో మాట్లాడు ఉద్యోగి అక్కడ ఉండును. రేడియో పెట్టె గల ఇండ్లవారికి ఒక మాట చెప్పిన ఆసక్తిగా నుండును. మీడియం వేవులో మా ప్రసంగము మీ ఇంటికి ఏ పద్ధతిని చేరునో, చోదకుని మాటయు అదే పద్ధతిని టవరును చేరును. మాట తరంగము యొక్క బలమును హెచ్చించి తగ్గించుట ఆ పద్ధతి. తరంగముల పొడవులో మాత్రమే భేదము; వారివి మిక్కిలి పొట్టి తరంగములు. మరియొక భేదము కూడ కలదు. మా మాటను శ్రోత వినెనో లేదో మాకు తెలియదు. అక్కడ అట్లు కాదు. టవరు చెప్పిన ఆజ్ఞను చోదకుడు తిరిగి పలికి వినిపించవలెను. పలుకులో ఒక్క అంకె తేడా వచ్చినను వెంటనే సరిదిద్దుదురు. ఒక మాట తప్పువినిన ఎంత ప్రమాదమో ఎరిగి చేసిన ఏర్పాటిది.

మూడవది అగ్నిమాపక దళము. రన్‌వే మీద ఎచ్చట ప్రమాదము జరిగినను 3 నిమిషములకు మించకుండ వాహనములు అక్కడికి చేరి నీటిని, నురుగును చిమ్మవలెనని అంతర్జాతీయ ప్రమాణము. విమానము ఎంత పొడవైనదో దానిని బట్టి దళము బలమును నిర్ణయింతురు. నాలుగవది ప్రయాణికులను, సామానులను పరీక్షించు భద్రతా సిబ్బంది. ఐదవది చుట్టును ప్రహరి. ఒక మేక గాని, కుక్క గాని బాటమీదికి వచ్చినచో అంత పెద్ద విమానమును తిరిగి పైకి లేపవలసి వచ్చును. పక్షులు మరింత ప్రమాదకరములు. గ్రద్ద ఒకటి ఇంజనులో పడినను ఇంజను చెడిపోవచ్చును. అందుచేత విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల బహిరంగముగా పశువులను వధించుట, చెత్తకుప్పలు పోయుట కూడదని నియమము. విమానాశ్రయమును కాపాడు పనిలో చుట్టుపట్ల పంచాయతీలకును పాలు ఉన్నదని దీనివలన తెలియును.

ఇక ఒక విమానము వచ్చిపోవు తీరు. దినములో మొదటి విమానము రాకమునుపే సిబ్బంది రన్‌వే పొడవునను వాహనములో పోయి పరిశీలింతురు. రాయి, మేకు, టైరు ముక్క ఏదియు ఉండరాదు. వాతావరణ వివరములను చోదకునికి తెలుపుదురు. చాల చిన్న విమానాశ్రయములలో రాత్రివేళ దిగుటకు తగిన దీపములు గాని, మబ్బులో దారిచూపు రేడియో పరికరములు గాని ఉండవు. అట్టిచోట చోదకుడు కన్నులతో నేలను చూచి దిగవలెను. 5 కిలోమీటర్ల దూరమువరకు స్పష్టముగా కనుపించవలెనని నియమము. కనుపింపనిచో మంచు విడువరకు వేచియుండవలెను, లేదా మరియొక చోటికి మరలవలెను. విమానము దిగి ఆగిన పిమ్మట వచ్చినవారు దిగుదురు, సామానులు దింపుదురు, పోవువారు ఎక్కుదురు. అరగంటలో మరల విమానము లేచును. ఆ అరగంట గడచిన పిమ్మట మరియొక విమానము వచ్చువరకు ఆ ప్రాంగణమంతయు నిశ్శబ్దము. కాని టవరు, దళము, కాపలా, దీపములు, జీతములు అన్నియు ఉండవలసినదే. చిన్న విమానాశ్రయము యొక్క అసలు కష్టమిదే. పనిచేయునది అరగంట; ఖర్చు దినమంతయు.

ఆ ఖర్చును ఎవరు భరింతురు? ఈ చిక్కును విడదీయుటకు కేంద్రప్రభుత్వము 2016 అక్టోబరులో ఉడాన్ అను పథకమును ప్రకటించెను. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి మొదటి సర్వీసులను ప్రారంభించిరి. వానిలో షిమ్లా–ఢిల్లీ సర్వీసుతో పాటు కడప–హైదరాబాదు, నాందేడు–హైదరాబాదు సర్వీసులు కూడ ఉండెను. ప్రారంభమున పథకము స్వరూపము ఇట్టిది. విమానములోని సీట్లలో ఇంచుమించు సగమును, గంట ప్రయాణమునకు సుమారు 2,500 రూపాయలకు మించని ధరకు అమ్మవలెను. అందువలన కంపెనీకి కలుగు లోటును మూడు సంవత్సరములవరకు ప్రభుత్వము పూడ్చును. ఆ సొమ్ములో 80 పాళ్లు కేంద్రమునుండి, 20 పాళ్లు రాష్ట్రమునుండి వచ్చును. కేంద్రము తన పాలును పెద్ద నగరముల నడుమ తిరుగు విమానములపై వేసిన పన్నునుండి తీయును. రాష్ట్రము ఇంధనముపై పన్ను తగ్గించి, పోలీసు రక్షణను, అగ్నిమాపక సేవను ఉచితముగా సమకూర్చును. పెద్ద ఊరి ప్రయాణికుడు చిన్న ఊరి ప్రయాణికునికి తన టిక్కెట్టులోనుండి కొంత ఇచ్చుచున్నాడన్నమాట.

ఇది మంచి ఏర్పాటే. అయినను పసిబిడ్డను చేయిపట్టి నడిపించుట ఒకటి, బిడ్డ తానై నడచుట మరియొకటి. కడప విమానాశ్రయము కథ చూడుడు. దానిని 2015 జూన్‌లో పునఃప్రారంభించి, బెంగుళూరునకు సర్వీసు నడిపిరి. దానిని నడిపిన ఎయిర్ పెగాసస్ కంపెనీ 2016 జూలైలో తన సర్వీసులను ఆపివేసెను. 2017లో ఉడాన్ కింద ట్రూజెట్ కంపెనీ వచ్చి హైదరాబాదునకు విమానము నడిపెను. 2022 ఫిబ్రవరిలో అదియు ఆగిపోయెను. రెండు కంపెనీలవియు చిన్న విమానములే, సాహసముగల ప్రయత్నములే. చిన్న కంపెనీకి విమానము అద్దె, ఇంధనము, మరమ్మతు ఖర్చు పెద్ద కంపెనీవలెనే పడును. ప్రయాణికులు మాత్రము తక్కువ. కర్నూలునకు వచ్చుచున్న సర్వీసులలోను 2021 తరువాత మార్పులు జరుగుచునే యున్నవి. కనుక అక్కడినుండి ప్రయాణము చేయదలచినవారు ఏ దినములలో ఏ ఊరికి విమానమున్నదో ముందుగా విచారించి బయలుదేరుట మంచిది.

ఇప్పుడు మన రైతు మొదటి ప్రశ్నకు వత్తము. ఆ విమానాశ్రయము కొల్లాపురము వారికి దేనికి పనికివచ్చును?

మామిడిపండ్లను మోయుటకా? కాదు. కొల్లాపురము మామిడి పేరుపొందినదే. కాని ఏ. టి. ఆర్. విమానము మొత్తము మీద మోయగలది సుమారు 7 టన్నులు. 70 మంది ప్రయాణికులు తమ పెట్టెలతో ఎక్కినచో ఆ బరువు దాదాపుగా అక్కడికే సరిపోవును. ఒక లారీ మోయు కాయను కూడ ఆ విమానము మోయలేదు. దూరదేశములకు విమానమున పోవు పండ్లకు శీతల గిడ్డంగులు, పరీక్షాలయములు, పెద్ద విమానములు కావలెను. అట్టి సదుపాయము శంషాబాదు వంటి చోట ఉండును. కొల్లాపురము తోటకును శంషాబాదునకును నడుమ మంచి రోడ్డే మామిడికి విమానముకంటె మేలు.

మరి మనుష్యులకో? పాలమూరు కూలివారు దేశమున ఆనకట్టలు కట్టినచోటికెల్ల పోయినవారు. ఆ యిండ్ల పిల్లలు నేడు బెంగుళూరులోను, చెన్నైలోను చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. ఇంటిలో ఆపద కలిగినపుడు రాత్రియంతయు బస్సులో కూర్చుండుటకు బదులు గంటలో చేరగలుగుట చిన్న మేలు కాదు. కాని ఆ గంట గడచి ఓర్వకల్లులో దిగిన బిడ్డ ఇల్లు చేరుటకు రెండు నదులు చుట్టి రావలెను. నూలుపోగు లెక్క ఇచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. విమానము ఆదా చేసిన కాలమును దారి తిరిగి తినివేయును.

కృష్ణను దాటుట ఈ ప్రాంతమువారికి ఎంత కష్టమో వేరొకరు చెప్పనక్కరలేదు. సోమశిల కడ పుట్టిమీదను, మరపడవమీదను దాటినవారు మన శ్రోతలలో ఎందరో ఉందురు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా మరణించిరి. ఆవలి ఒడ్డు కన్నులకు కనుపించుచుండగా నడినీటిలో ప్రాణములు పోయినవి. ఆ నాడు ఆకాశమున విమానములు పోవుచునే యుండెను. సోమశిలకును ఆవలి సిద్ధేశ్వరమునకును నడుమ వంతెన కట్టుటకు 2022లో కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చెను. మా అభిప్రాయములో కొల్లాపురమునకు విమానాశ్రయమును దగ్గర చేయునది ఆ వంతెనయే. ఓర్వకల్లు రన్‌వేను ఒక్క అడుగు పొడిగింపకుండనే అది ఈ ఒడ్డువారికి ఎన్నో మైళ్లు దగ్గర కాగలదు.

ఇక మూడవ ప్రశ్న మిగిలినది. ఈ ఒడ్డుననే విమానాశ్రయము వచ్చినచో మేలా, కీడా? ఈ ప్రశ్న అడుగుటకు కొల్లాపురము వారికున్న అధికారము మరెవ్వరికిని లేదు. 1981 ప్రాంతమున శ్రీశైలము జలాశయము నిండినపుడు ఈ తీరమున ఊళ్లకు ఊళ్లే మునిగెను. జటప్రోలు, సోమశిల ఆలయములను రాయి రాయిగా విప్పి మెరకకు చేర్చిరి. దేవుళ్లకు క్రొత్త చోటు దొరకెను. మనుష్యులలో ఎందరికి అంత శ్రద్ధగా క్రొత్త చోటు దొరకెనో ఆ కుటుంబములే చెప్పవలెను. ఆ జలాశయము వెలుగునిచ్చెను, నీరునిచ్చెను, ఎవరును కాదనరు. కాని ఇచ్చినవారొకరు, పొందినవారు పెక్కుమంది. విమానాశ్రయమునకు కూడ నేల కావలెను. చిన్నదానికే 1,000 ఎకరములు. శంషాబాదు సుమారు 5,500 ఎకరములు.

కనుక విమానాశ్రయము కావలెనని గాని, వద్దని గాని ముందే నిశ్చయించుకొనక, ప్రతి ప్రాంతమువారును నాలుగు ప్రశ్నలు వేయవలెను. దినమునకు ఎంతమంది ఎక్కుదురు? ప్రభుత్వము చేయి విడిచిన నాలుగవ సంవత్సరమున విమానమును ఎవరు నడుపుదురు? ఇంటినుండి అక్కడికి దారి ఏది? నేల ఇచ్చినవారికి విమానము వచ్చుటకు ముందే దక్కునదేమి? ఈ నాలిగింటికి తృప్తికరమైన సమాధానములు దొరకినచో విమానాశ్రయము మేలు. దొరకనిచో అది ఎండబెట్టిన తారుబాట మాత్రమే. మామునూరు నాలుగు దశాబ్దములకు పైగా నేర్పిన పాఠమిదే.

బేగంపేటలో ప్రయాణికుల సందడి 2008లో ముగిసెను. ఆ రన్‌వే మీద శిక్షణ పొందు విద్యార్థులు నేటికిని ఎగురుచున్నారు. ఓర్వకల్లులో సందడి 2021లో మొదలయ్యెను. అది నిలుచునో లేదో రాబోవు సంవత్సరములు తేల్చవలెను. ఉత్తరము వ్రాసిన రైతునకు మా మనవి ఒక్కటే. మంచెమీదినుండి తలయెత్తి విమానమును చూచునపుడు, ఒకసారి కృష్ణవైపును చూడుడు. ఆకాశములో దారి ఎప్పుడును సిద్ధముగనే ఉన్నది. మనము వేసికొనవలసినది నేలమీది దారి, నీటిమీది దారి. ఆ రెండును సిద్ధమైన నాడు ఏటికి ఆవలి విమానాశ్రయము మీదియు నగును.